ఆరో బద్ద

మాస్టారి భార్య తడిగుడ్డతో స్పీకర్ల మీది చెక్కపొట్టు తుడుస్తోంది.

రెండేళ్లుగా ఆమెకి రోజూ ఉన్న పనే ఇది.

"లోపలికంటా తుడవాలంటే నా చెయ్యి భుజం దాకా పోతోందండీ. ఏదో ఒకరోజు ఈ బూరలు నన్ను మింగేస్తాయి," అంది.

లెక్కల మాస్టారు నవ్వలేదు.

హాల్లో చెరో మూలా ఒకటి, మనిషెత్తు హారన్ స్పీకర్లు. లోపల సన్నగా మొదలై, బయటికి గరాటులా విప్పారే చెక్క నోళ్లు. వంపు ఎక్కడ ఎంతుండాలో ఆయనే లెక్క కట్టాడు. ఆయనే కోశాడు. ఆయనే అతికించాడు.

అన్నీ కుదిరాయి. పాట ఒక్కటే కుదరలేదు.

గాయని గొంతు కిందికి దిగినప్పుడల్లా కుండలోంచి పాడుతున్నట్టుంటుంది.

"పాలిష్ పడితే సర్దుకుంటుంది," అన్నాడు మాస్టారు.

"సర్దుకోకపోతే?"

"వడ్రంగి చేత కోయించి అలమర చేయిద్దాం. మాటంటే మాటే."

ఆ మాట దగ్గర ఆయన గొంతు కూడా కుండలోకే దిగింది.

గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. యాభై ఏళ్ల మనిషి. గోళ్లనిండా లక్క మరకలు.

"వడ్రంగి పంపాడు. పాలిష్‌కి," అన్నాడు. మాట కొంచెం ముద్దగా ఉంది.

లోపలికొచ్చి స్పీకర్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎడమదాని ముందు ఆగి, దాని పక్కబల్లని వేళ్లతో నిమిరాడు.

"గరుకు కాగితం బాగా పట్టించాలి," వెనకనుంచి అన్నాడు మాస్టారు.

అతను పలకలేదు.

"ఏమయ్యా, నీతోనే!"

అయినా తిరగలేదు.

"ఇంకా సంచే విప్పలేదు, పొగరు మాత్రం విప్పాడు," అన్నాడు మాస్టారు భార్యతో.

ఆమె అతని ఎదురుగా వెళ్లి గ్లాసు అందించింది. "మంచినీళ్లు తీసుకో అన్నా."

అతను నవ్వి తీసుకున్నాడు. తాగాక మాస్టారి వైపు తిరిగాడు.

"పాట పెట్టండి సార్."

"పాలిష్‌కి పాటెందుకు?"

"పెట్టండి. గట్టిగా."

మాస్టారు విసుక్కుంటూనే పెట్టాడు.

అతను కళ్లు మూసుకున్నాడు. రెండు అరచేతులూ చెక్కమీద మెల్లగా జరుగుతున్నాయి. గాయని గొంతు కిందికి దిగింది. చేతులు ఆగాయి. కళ్లు తెరిచి మాస్టారి వైపు తిరిగాడు.

"ఇక్కడ వణుకుతోంది సార్. లోపలేదో వదులైంది. ఈ పక్క కొంచెం కోసి చూడండి. అతుకు కనబడకుండా నేను మళ్లీ మూసేస్తాను. తర్వాతే పాలిష్."

"బల్ల కదలకుండా లోపల అడ్డంగా ఆరు బద్దలు అతికించాను. నా చేత్తో నేనే. ఎలా వదులవుతాయి?"

"మీ చెయ్యి ఇలా పెట్టి చూడండి సార్."

మాస్టారు చెయ్యి పెట్టలేదు.

"రెండేళ్లుగా నేను పట్టుకోలేనిది నువ్వు రెండు నిమిషాల్లో పట్టేశావా? రంగు వేసేవాడివి రంగు వెయ్యి. పాట సంగతి వినడం తెలిసినవాళ్లకి వదిలెయ్."

ఆ మాట పూర్తయ్యేదాకా అతను ఆయన మొహంలోకే చూశాడు.

"వణికే చెక్కమీద పాలిష్ నిలవదు సార్. నేను వెయ్యను," అని సంచి భుజానికెత్తుకున్నాడు. "వస్తానమ్మా."

అతను వీధి మలుపు తిరిగాక భార్య అంది, "ఒక్కసారి చెయ్యి పెడితే మీ సొమ్మేం పోయింది?"

"నువ్వూ మొదలుపెట్టావా?"

ఆ రోజంతా మాస్టారు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. వంపు లెక్క మళ్లీ కట్టాడు. తప్పు లేదు. గొంతు మాత్రం కుండలోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే వడ్రంగికి తనే ఫోన్ చేశాడు. "రంపం పట్టుకురా."

తీరా వడ్రంగి వచ్చాక భార్యకే మనసొప్పలేదు.

"ఇంకో వారం చూడకూడదూ? తుడవడం నాకూ అలవాటైపోయింది."

"మాటంటే మాటే," అన్నాడు మాస్టారు, గోడవైపు తిరిగి.

వడ్రంగి ఎడమ స్పీకర్‌ని నిలువునా కోశాడు. బూర రెండు చెక్కలైంది. లోపలికి తొంగిచూసి ఆగిపోయాడు.

"మాస్టారూ, బద్దలెన్ని పెట్టారు?"

"ఆరు."

"జిగురు పట్టినవి ఐదే. ఆరోదానికి జిగురే పెట్టలేదు, ఉత్త మేకుమీద వేలాడుతోంది. ఇదొక్కటి అంటిస్తే అయిపోయేది కదండీ! ముందే తెలిస్తే రంపం పెట్టేవాణ్ని కాదు."

మాస్టారు వంగాడు. ముప్ఫై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి, ఒక్కో బద్దనీ వేలితో తాకుతూ ఒకటి నుంచి లెక్కపెట్టాడు. ఐదు దగ్గర వేలు ఆగిపోయింది.

"నిన్న నువ్వు పంపినతను సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టాడు," అంది భార్య వడ్రంగితో. "ఈయన వింటేగా!"

మాస్టారు లేచి నిలబడ్డాడు.

"ఆయన నంబరివ్వు," అన్నాడు. "అలాంటి చెవి నేనెక్కడా చూడలేదు. ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాలి."

వడ్రంగి రంపం కింద పెట్టాడు.

"ఫోన్లో చెబితే లాభం లేదు మాస్టారూ. ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా మెల్లగా చెప్పాలి. పాలిష్ పనికి చెవులెందుకులే అని మీకు ముందు చెప్పలేదు గానీ, వాడికి పదేళ్లప్పుడే వినికిడి పోయింది."

మాస్టారు చెప్పులేసుకుని, అతని ఇల్లెక్కడో కూడా అడక్కుండా బయటికి నడిచాడు.