మాట పోగొట్టుకున్న పులి

"ఆ మాట ఎత్తావంటే గూడెంలోంచి గెంటేస్తా అత్తా!" గూడెం పెద్ద మొరూబా తన మేనత్త పొటీరా ముందున్న రికార్డర్ లాక్కున్నాడు.

రికార్డర్ తెచ్చిన ఇయారా ఏటి ఆవలి గూడెం పిల్ల. ఒకే తల్లికి పుట్టిన మూడు భాషల మాటలు పక్కపక్కన పెట్టి, చచ్చిపోయిన ఆ తల్లిభాషను తిరిగి కూర్చుతోంది.

"మచ్చల పులిని మేం తమేగా అంటాం, ఎగువవాళ్లు దమేక అంటారు. మీరొక్కరే 'పెద్ద కుక్క' అంటారు. మీ పాత మాటేది అవ్వా?"

"మర్చిపోయాం," అన్నాడు మొరూబా.

"నేను మర్చిపోలేదురా," ముసలి పొటీరా నవ్వింది. "అది ఒక మనిషి పేరు కూడానమ్మా. వాడు చేసిన ద్రోహానికి ఆ పేరే ఎత్తకూడదని కట్టడి చేశారు. పాపం, పులికీ పేరు పోయింది."

"మన ఇంటి పరువు తీయకు!"

"పోనీ. ఆ మాట తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నాతోపాటు దాన్నీ పాతిపెడదామనా? ఇటివ్వు!"

రికార్డర్ గుంజుకుని వాకిట్లోకి నడిచి, గూడెమంతా వినేలా అరిచింది.

"రబ్బరు చెట్ల కోసం అడవి మీద పడ్డ దొరల తుపాకులకు మన గూడెం దారి చూపించింది తమేకా! మా నాన్న తమేకా!"