పలకని బావ

డిస్కు గుట్ట అంచు దాటి కిందికి మాయమైంది. కింద నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"బావా, ఎక్కడ పడింది?" పైనుంచి అరిచాడు బావమరిది.

గాలి హోరు పెడుతోంది.

గొడుగు పట్టించుకుంటూ పచ్చిక మీద నడిచే పెద్దమనుషుల గోల్ఫు కాదిది. డిస్కు గోల్ఫు, బంతికి బదులు పళ్లెం లాంటి ప్లాస్టిక్ డిస్కు విసురుతూ మోకాళ్లు అరిగే ఆట. రాళ్లెక్కాలి, లోయలు దిగాలి, గొలుసులు వేలాడే ఇనప బుట్టలో డిస్కు పడేయాలి. ఈ బుట్ట మరీ ఘోరం. విసిరేది గుట్ట మీద నుంచి. బుట్టేమో ఎక్కడో లోయలో, కంటికి ఆనదు. అందుకే ఒకడు ముందే దిగి కింద నిలబడతాడు. డిస్కు ఎటు పడిందో అరిచి చెబుతాడు. ఇవాళ దిగినవాడు బావ.

ఆ బావే అరవడం లేదు.

"వేళాకోళం చాలు బావా. పలుకు."

బావకు ఈ ఆటంటే నిష్ఠ. ఎదుటివాడు గురి చూస్తుంటే పక్కవాడు ఊపిరి కూడా గట్టిగా తీయకూడదంటాడు. పొద్దున బావమరిది దగ్గినందుకే, "మనిషివా, ట్రాక్టరువా?" అని తిట్టాడు. కానీ డిస్కు చేయి దాటిందో లేదో, గొంతు చించుకుని అరిచేదీ ఆయనే.

బావమరిది అంచు మీద నుంచి వంగి చూశాడు. డిస్కు ప్లాస్టిక్కే. అయినా అంత ఎత్తు నుంచి, అంత విసురుగా వెళ్లింది కణతకు తగిలితే మనిషి లేస్తాడా?

జేబులో ఫోను మోగింది. అక్క.

"ఎక్కడున్నావురా?"

"షాపులో అక్కా."

"ఏంటా హోరు?"

"ఫ్యాను. పాతది కదా, అరుస్తోంది."

"మీ బావేడి?"

"బండి కింద పడుకుని ఉన్నాడు. ఆయిలు మారుస్తున్నాడు." పడుకుని అన్న మాట నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకున్నాడు.

"ఇందాక నువ్వు పిలిచినట్టు వినబడిందిరా."

"నీకన్నీ ఇలాగే వినబడతాయి. నీ దగ్గరేంటి ఆ గలగల?"

"గిన్నెలు. తోముతున్నా."

"ఆపరేషనైన మోకాలితో నిలబడొద్దని డాక్టరు చెప్పాడా లేదా?"

"కూర్చునే తోముతున్నాలే, నువ్వొక డాక్టరువి. ఒరే, నాకిచ్చిన మాట గుర్తుందిగా? నేను మళ్లీ ఎక్కి ఆడేదాకా మీ ఇద్దరూ ఆ గుట్ట మీద కాలు పెట్టకూడదు."

"పెట్టం అక్కా."

అక్క ఫోను పెట్టేసింది. వాడు గుట్ట కొన మీద రెండు కాళ్లూ పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

మాటిచ్చింది బావ. "ఒక్క ఆటే బావా, అక్కకేం తెలుస్తుంది" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది వీడు. ఇప్పుడు ఆవిడ ముందు ఏ మొహంతో నిలబడాలి? నీ మొగుణ్ణి నేనే కొట్టానక్కా అని చెప్పాలా?

బావ నంబరు నొక్కాడు. మోగింది, తన కాళ్ల దగ్గరే, బావ సంచిలో.

ఇక ఆగలేదు. దారి చుట్టూ తిరిగి పోతుంది. అంత ఓపిక ఎవరికుంది? అంచు మీద నుంచే దిగిపోయాడు. చేత్తో పట్టుకున్న రాయి ఊడి వచ్చింది. ముళ్లు చొక్కాను చీరేశాయి. సగం దూరం కాళ్ల మీద, సగం పిర్రల మీద జారాడు. బావ బతికుంటే చాలు, డిస్కులన్నీ పాత సామాన్లవాడికి పడేస్తాను, మళ్లీ ఈ దిక్కు చూడను అని రాయి రాయికీ ఒట్టు పెట్టుకున్నాడు.

కింద బండ మీద బావ ఎర్రటోపీ వెల్లకిలా పడి ఉంది. పక్కనే తన డిస్కు. టోపీ ఉంది, తల లేదు.

వాడు టోపీ కోసం వంగాడు.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నోరు మూసింది. ఇంకో చెయ్యి కాలరు పట్టి బండ చాటుకు లాగింది. బావే. గొంతుక్కూర్చుని ఉన్నాడు.

వాడు బావ కణతలు తడిమాడు. మెడ తడిమాడు. తల అటూ ఇటూ తిప్పి చూశాడు. గీత కూడా లేదు. అక్కడే చతికిలబడ్డాడు. వచ్చింది నవ్వో ఏడుపో వాడికే తెలియలేదు. పాత సామాన్లవాడికి అన్నీ ఇవ్వక్కర్లేదు, ఒకటో రెండో ఉంచుకోవచ్చులే అని కూడా అనిపించింది.

అప్పుడు చూశాడు. బావ కళ్ల నిండా నీళ్లు.

"దెబ్బ తగిలిందా?"

బావ తల అడ్డంగా ఊపాడు.

"పామా?"

మళ్లీ అడ్డంగానే.

"మరేం రోగం? గొంతు పోయేలా అరిచాను. నిన్ను చంపేశాననుకున్నాను బావా. అక్క ఫోను చేస్తే ఎన్ని అబద్ధాలాడానో తెలుసా?"

"మెల్లిగా మాట్లాడరా."

"ఆ టోపీ ఎందుకు తీసి పారేశావు?"

"ఎర్రగా ఉంది కదా. కనబడిపోతానని."

"ఎవరికి?"

బావ రెండు బండల మధ్య సందులోంచి లోయ అవతలికి గడ్డంతో చూపించాడు. మోచేత్తో కళ్లు తుడుచుకుని, వాడి చెవి దగ్గరికి వంగాడు.

"దగ్గావంటే చంపేస్తా. రెండు కాళ్ల మీదా నిలబడి గురి చూస్తోందిరా మీ అక్క."