దించని మంచం

“నా బిడ్డను రెండోసారి చంపినవ్ రేణుకా! నాలుగు పేజీలు, ఒక్క ఫుల్‌స్టాప్ లేదు. అంతా చావే. చదువుతుంటే ఊపిరాడలే. ఇదేం రాతనే?” రామనర్సయ్య పత్రికను ఆమె ముందు విసిరికొట్టాడు.

“చెల్లెకు నొప్పులొస్తే సడక్ లేక మంచం మీద కిష్టారం దవాఖాన దాకా మోసిన్రు గద కాకా. నడుమ ఎక్కడన్న దించిన్రా?”

“ఎట్ల దించుతం? నడుమ దించి చెవుల పేరు పిలిచేది శవాన్నే గద! నా బిడ్డ బతికే ఉండె...”

రామనర్సయ్య తన భుజం తడుముకున్నాడు. భుజాలు చీరుకుపోయినా ఆ మంచం దించలేదు. ఈ పిల్ల కూడా తన రాతలో ఎక్కడా దించలేదు.

వంగి పత్రిక తీసి, దుమ్ము దులిపి ఆమె చేతిలో పెట్టాడు.

“రేపు గ్రామసభకు సాబ్‌లొస్తున్నరు. నిలబెట్టి చదువు. సడక్ మంజూరని రాసిచ్చేదాక ఒక్కణ్ని కూసోనియ్యకు.”