విమానానికి ఒకసారి

“మీకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఈ చెయ్యి సంగతి పట్టించుకునేదాన్ని నేనొక్కదాన్నే,” అంది విజయ.

చలపతి వరండాలో ఆమెకు ఎడమవైపు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నువ్వులనూనె సీసా మూత తీసి, ఆమె కుడి అరచేతిలో నాలుగు చుక్కలు పోశాడు. ఒళ్ళో కదలకుండా ఉన్న ఆ చేతికి విజయ నూనె పట్టించడం మొదలుపెట్టింది. మోచేతి నుంచి కిందికి, మణికట్టు దగ్గర ఒక చుట్టు, తర్వాత వేళ్ళు ఒక్కొక్కటీ. ఉంగరం కూడా ఆసుపత్రిలోనే తీసేశారు. చెయ్యి బోసిగా, తడిసిన తువ్వాలులా బరువుగా పడి ఉంది.

పక్షవాతం ఈ ఇంట్లో అడుగుపెట్టి మూడు నెలలైంది. కాకినాడ నుంచి వచ్చి ఎయిర్‌పోర్టు పక్కనున్న సాతంరాయిలో ఇల్లు కట్టుకున్న ఈ పదేళ్ళలో ఇంత నీరసం విజయ ఎరగదు. లేస్తే ఆ చెయ్యే, పడుకుంటే ఆ చెయ్యే. పక్క మీద ఎటు తిరిగినా అడ్డం. ఇప్పుడు కుర్చీలోంచి లేవాలన్నా చలపతి భుజం పట్టుకోవలసిందే. సేవ చేసీ చేసీ తన ఓపిక కాస్తా హరించుకుపోయిందని ఆమె నమ్మకం.

ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. పొద్దున ఉప్మా మాడ్చాడు. ఆమెకు జడ కూడా తనే వేశాడు, వంకరటింకరగా. ఖాళీగా కూర్చోలేక ఏదో ఒకటి చేస్తున్నాడులే అని ఊరుకుంది.

“సోమవారం నుంచి మీరు డ్యూటీకి వెళ్ళాలి. గుర్తుందా?”

“ఉంది.”

“ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో ఈ చేత్తో ఏం వెలగబెడతారు? ఇక సెలవు ఇచ్చేది లేదని చెప్పేశారాయె. ఈ నాలుగు రోజుల్లో ఒక్క వేలైనా కదలాలి. లేకపోతే ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే.”

“చంద్రమ్మను పనికి మాట్లాడాను. నేను వచ్చేదాకా ఉంటుంది, నీకు తోడు.”

“బావుంది వరస! నాకెందుకు తోడు? తోడు కావలసింది మీకు. మీతోపాటే ఆఫీసుకు పంపిస్తాను.”

చలపతి తల వంచుకుని సీసా మూత బిగించాడు.

గేటు దగ్గర స్కూటీ ఆగింది. బుద్వేల్ నుంచి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి శిరీష. మొదటి వారంలో ఈ చేతి విషయంలో ఆ పిల్ల ఏదో తిక్క మాట అంటే, విజయ గిన్నె విసిరికొట్టి రెండు రోజులు గడప తొక్కనివ్వలేదు. చలపతే మధ్యలో పడి సర్దిచెప్పాడు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

“ఎట్లున్నదమ్మా ఇయ్యాల?”

“నన్నడుగుతావేం? ఆయన్నడుగు.”

“సార్‌ను అడిగితే ఏం చెప్తడు? రోజూ పట్టుకునేది మీరే గద. మీరు చెప్తేనే అది మాట వింటది.”

ఆ మాటకు విజయ లోలోపల కాస్త పొంగిపోయింది.

వాళ్ళ కసరత్తు లెక్కంతా విమానాలతోనే. ఇంటి మీదికి విమానం చప్పుడు రాగానే చెయ్యి పైకి లేపాలి. చప్పుడు ఆగేదాకా దించకూడదు. విమానానికి ఒకసారి. గడియారం చూసి చెయ్యమంటే విజయకు ఒళ్ళు మంట. విమానం చెబితే మాత్రం బుద్ధిగా వింటుంది. గాలి మారి విమానాలు ఇటు రాని రోజున ఆ చేతికి సెలవు.

మొదటి విమానం వచ్చింది. విజయ కుడిచేత్తో కింద పట్టి ఆ చేతిని లేపింది. ఏమీ లేదు. రెండోది. మూడోది. ఏమీ లేదు. ఆమె మెడ, భుజం లాగేస్తున్నాయి.

“ఇగ చాలమ్మా. పరేషాన్ గాకుండ్రి. రేపు జేద్దాం.”

“రేపు, రేపు అంటూనే మూడు నెలలు పోయాయి!”

విజయకు ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు కోపమూ వచ్చింది. ఆ చేతిని గట్టిగా గిల్లింది.

“నొప్పి పుట్టిందా?” అని భర్త మొహంలోకి చూసింది.

“కొంచెం,” అన్నాడు చలపతి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె మనసు చివుక్కుమంది. గిల్లిన చోట నిమిరింది.

“ఏం చెయ్యనండీ, అలిసిపోయాను,” అంది. తర్వాత ఆ చేతికేసి చూసి, పసిపిల్లను బుజ్జగించినట్టు, “కదలవే తల్లీ. ఆయన కోసం కాకపోతే నా కోసమైనా కదులు,” అంది.

నాలుగో విమానం వచ్చింది. చెయ్యి లేపింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. చూపుడు వేలు చిన్నగా వంగి, మళ్ళీ చాచుకుంది.

ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. వేలు మరోసారి వంగింది.

“కదిలింది! చూశారా? మీ వేలు కదిలిందండీ!”

చలపతి వంటింట్లోకి పరుగెత్తి, గుప్పెడు పంచదార తెచ్చి ఆమె నోట్లో పోశాడు.

“ఇక సోమవారం ధైర్యంగా డ్యూటీకి వెళ్ళండి,” అంది విజయ తియ్యగా నవ్వుతూ.

“వెళ్తాను విజయా.”

శిరీష సంచీలోంచి ఫైలు తీసి, తేదీ వేసి రాసింది: “విజయ గారి ఎడమచెయ్యి చూపుడు వేలు ఈరోజు కదిలింది, ఆ చెయ్యి తనదేనని ఆమెకు ఇంకా తెలియదు.”