ఏడు ఓట్లు

“సర్, కౌంటర్ లోపలికి గెస్టులు రాకూడదు.”

సాత్విక మర్యాదగానే చెప్పింది. కానీ గట్టిగా చెప్పింది.

తెల్లగడ్డం పెద్దాయన అప్పటికే గ్లవ్స్ తొడుక్కుని పళ్ళేల్లో బర్గర్లు సర్దుతున్నాడు.

“క్యూ తలుపు దాకా ఉంది. నా చేతులేమో ఖాళీగా ఉన్నాయి,” అన్నాడు అమెరికన్ యాసలో.

“కడుక్కున్నారా?”

“రెండుసార్లు.”

ఆమెకు నవ్వొచ్చింది. “సరే, పది నిమిషాలు. మా మేనేజర్ వచ్చేలోపు బయటికి వెళ్ళిపోవాలి.”

అది లండన్ శివార్లలోని హౌన్స్‌లోలో విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న హోటల్. మాస్టర్స్ చదువుతున్న సాత్విక అక్కడ పార్ట్‌టైమ్ చేస్తోంది. ఆ రోజు జూలై నాలుగు. పొద్దున అమెరికా వెళ్ళాల్సిన విమానం రద్దయి, రెండువందల మంది ప్రయాణికులు హోటల్‌కి వచ్చిపడ్డారు. తమ దేశ స్వాతంత్ర్య దినం నాడు పరాయి ఊళ్ళో చిక్కుకుపోయామని అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి.

“నాకు రెండు గంటలు టైమివ్వండి,” అని పొద్దునే చెప్పింది సాత్విక మేనేజర్‌తో.

రెండు గంటల్లో డైనింగ్ హాలు నిండా ఎరుపు, తెలుపు, నీలం కాగితాలు వేలాడాయి. పిల్లల బుగ్గల మీద నక్షత్రాలు వెలిశాయి. స్పీకర్లో వాళ్ళ పాటలు, బల్ల మీద పెద్ద కేకు.

“ఎవరి నుంచి విడిపోయామో వాళ్ళింట్లోనే పండగ చేసుకుంటున్నాం!” అని ఎవరో అరిస్తే హాలంతా నవ్వింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

“పోయిన ఎన్నికల్లో మా ఓట్లు కొట్టేశారు!” అన్నాడు టోపీ పెట్టుకున్న ఒకాయన.

“ఓడిపోయామని ఒప్పుకోవడం మీకు చేతకాదు!” అంటూ లేచింది పక్క బల్ల దగ్గరి ఆవిడ.

మాటా మాటా పెరిగింది. పిల్లలు బిక్కమొహాలు వేశారు. సాత్విక అటు కదిలేలోపే పెద్దాయన కేకు కోసే కత్తి తీసుకెళ్ళి టోపీ మనిషి చేతిలో పెట్టాడు.

“రెండు ముక్కలు మీరు కొయ్యండి.”

తర్వాత ఆవిడ వైపు తిరిగాడు. “ముందు ముక్క మీరు తీసుకోండి.”

టోపీ మనిషి కేకు వైపు ఎగాదిగా చూశాడు. ఒక కన్ను మూసి, వేలితో కొలిచి, చెమటలు కక్కుతూ సరిగ్గా మధ్యకు కోశాడు. ముందు ఆవిడ నవ్వింది. తర్వాత అతనూ నవ్వక తప్పలేదు.

“థాంక్స్ సర్,” అంది సాత్విక, ఆయన ఖాళీ పళ్ళేలు ఏరుతుంటే.

“పొద్దుట్నుంచీ ఫోన్ చూస్తూ ఉన్నావు. ఏం కబురు రావాలి?”

చెప్పకూడదనుకుంది. కానీ చెప్పేసింది. కాలేజీలో తెలుగు స్టూడెంట్స్ సొసైటీ ప్రెసిడెంట్ ఎన్నిక. ఆమె ఓడిపోయింది. కొందరికి ఓటింగ్ లింకు ఆలస్యంగా వచ్చిందని, మళ్ళీ ఎన్నిక పెట్టమని మెయిల్ పెట్టింది.

“ఎన్ని ఓట్ల తేడా?”

“ఏడు.”

“అబ్బ! ఏడు చెడ్డ అంకె. డెబ్బై అయితే నిద్ర పడుతుంది. లింకు అందక నిజంగా ఎవరైనా ఓటు వెయ్యలేకపోయారా?”

సాత్విక ఫోన్ జేబులో పెట్టేసింది.

“లేదు. అందరూ వేశారు.”

“గెలిచిందెవరు?”

“నా రూమ్మేట్. పది రోజులుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఫ్రిజ్‌లో అరలు కూడా పంచుకున్నాం.”

“అయితే ఇంటికెళ్ళి పలకరించు.”

“నేనెందుకు వెళ్ళాలి సర్? గెలిచింది తనే కదా, తనే రావాలి.”

“గెలిచినవాళ్ళు వస్తే అది జాలిలా ఉంటుంది. ఓడినవాళ్ళు వెళితేనే ఎన్నిక పూర్తవుతుంది.”

సాత్వికకు చురుక్కుమంది. “మీకేం సర్, ఎన్నయినా చెప్తారు. ఓడిపోయినవాళ్ళకు తెలుస్తుంది ఆ బాధ.”

“అది నిజమే,” అన్నాడాయన. పళ్ళేల ట్రే ఎత్తుకుని వంటగదిలోకి వెళ్ళిపోయాడు.

డ్యూటీ దిగి ఇంటికి చేరేసరికి ఇంకా ఎండ కాస్తూనే ఉంది. అపూర్వ కిచెన్‌లో ఒక్కతే నిలబడి పప్పు తాలింపు వేస్తోంది. సాత్విక బ్యాగు కూడా దించలేదు.

“కంగ్రాట్స్ అపూర్వా. ఆ మెయిల్ వాపసు తీసుకున్నా. దీపావళి ఫంక్షన్ పని నాకియ్యి, హాలు ఎట్లా నిండదో చూస్తా.”

అపూర్వ స్టవ్ ఆపి ఇటు తిరిగింది.

“పది రోజుల సంది ఒక్కదాన్నే తింటున్ననే. ముందుగాల చేతులు కడుక్కొని రా, అన్నం తిందాం.”

మర్నాడు సాత్విక అరగంట ముందే డ్యూటీకి వచ్చింది. పెద్దాయనకు చెప్పాలి. నిన్న అన్న మాటకు సారీ కూడా చెప్పాలి.

రిసెప్షన్ దగ్గర టోపీ మనిషి ఒక్కడే గది తాళం అప్పగిస్తున్నాడు.

“నిన్న మీతో కేకు కోయించిన పెద్దాయన ఏ గదిలో ఉన్నారండీ?”

“తెల్లవారి మొదటి విమానానికే వెళ్ళిపోయాడు. ఆ గడ్డంతో నేనూ పోల్చుకోలేదు. కింద బస్సు దగ్గర పేరు పిలుస్తుంటే కిటికీలోంచి విన్నాను, అప్పుడు గానీ తెలియలేదు. మెట్లు దిగి పరిగెత్తేసరికి బస్సు కదిలిపోయింది.”

“ఎవరు సర్ ఆయన?”

అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“తొమ్మిదేళ్ళ క్రితం మా రాష్ట్ర గవర్నర్ ఎన్నికలో ముప్ఫై ఒక్క ఓటుతో ఓడిపోయి, తన కోసం కోపంతో వీధుల్లోకి వచ్చిన మా వేలమంది ముందుకు, గెలిచినవాణ్ణి స్వయంగా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన మనిషి.”