ఏటేటా చచ్చే తిప్పడు

"ఈ ఏడు నేను సంపను రంగప్పా. యా ప్రెస్సులో సంపించుకుంటావో సంపించుకో పో" అన్నాడు నూర్ మహమ్మద్.

శ్రీరంగప్ప చంకలోని గుడ్డ విప్పి చెక్కదిమ్మలు బల్ల మీద పేర్చాడు. దిమ్మకొక బొమ్మ, బొమ్మకొక చావు. పక్కన అతని భార్య హనుమంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏటా మొగుడొక్కడే వచ్చేవాడు. ఈసారి ఆమె కూడా వచ్చింది. బయట అరుగు మీద వాళ్ళ మూట కాబోలు, గోనెపట్టా కప్పి ఉంది.

గుంతకల్లులో గుంతలకు కొదవ లేదు, కల్లుకూ కొదవ లేదు. కొదవంతా నీళ్ళకే. స్టేషన్ వెనక సందులో నూర్ మహమ్మద్ ప్రెస్సు. నూర్ అంటే వెలుగు. ఆ వెలుగు పేరులోనే. ప్రెస్సులో సగం దినం కరెంటుండదు. అందుకే కాలితో తొక్కే మిషను. పెళ్ళిపత్రికలూ దినాల పత్రికలూ రెండూ దాని కాళ్ళ మీదే పడాలి.

గుత్తి అవతల పల్లెలో శ్రీరంగప్ప వడ్రంగి. ఏటా ఉగాదికి ముందొచ్చి 'తిప్పడి తిప్పలు' అనే చిన్న పుస్తకం అచ్చు వేయించుకుని పోతాడు. పాటా తనదే, బొమ్మా తనదే. పేజీకోసారి తిప్పడనే పిల్లవాడు చస్తాడు.

బావి తొంగి చూసినాడు తిప్పడు –
నీళ్ళు లేవు, వచ్చిందొక్క చప్పుడు!

వాన వాన అని ఎగిరె తిప్పడు –
పిడుగొచ్చె, వానేమో ఎప్పుడు?

ఆ పుస్తకమంటే పిల్లలు పడి చచ్చేవారు. సిరా ఆరకముందే రైల్వే క్వార్టర్ల నుంచి ఉరికొచ్చేవారు. తల్లులు తిట్టి లాక్కునేవారు. లాక్కుని, వంటింట్లో కూచుని తామూ నవ్వుకునేవారు.

నూర్ మహమ్మద్ కూడా నవ్వేవాడు. ఒక్కడే, అక్షరాలు పేరుస్తూ. నవ్విన మరుక్షణం మెడ వెనక ఎవరో చల్లగా ఊదినట్టుండేది. అతని కూతురు రమీజా పాలు మరవకముందే జ్వరంతో పోయింది. అప్పటినుంచి అతనికి నవ్వు తెప్పించింది ఈ చచ్చే పిల్లవాడొక్కడే. తలుచుకుంటే అదే సిగ్గు, అదే భయం.

అంతకన్నా భయం ఇంకోటుంది. తిప్పడు పెరుగుతున్నాడు.

మొదటి పుస్తకంలో ఉయ్యాల్లో చచ్చాడు. తర్వాత పాకుతూ చచ్చాడు. పాలపళ్ళు ఊడగొట్టుకుని చచ్చాడు. పోయినేడు పలక పట్టుకుని చచ్చాడు. ఏ బొమ్మలో చూసినా ముక్కు మీద ఒక చుక్క. మొదటి ఏడు అది ఉలి జారిన గాటనుకుని మైనంతో పూడ్చబోతే శ్రీరంగప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"అది ఉండల్ల సాయిబూ. వాని ముక్కున రాగితీగ."

"నీ కొడుకేనా?"

"మా వాడే."

"ఎప్పుడు పోయినాడప్పా?"

శ్రీరంగప్ప దిమ్మ మీది పొట్టు ఊదుతూ, "ఏటా పోతానే ఉండాడు" అన్నాడు.

చచ్చినవాళ్ళు పెరగరు. రమీజా ఈరోజుకీ పాలు తాగే పిల్లే. చెక్క మీద కొడుకును పెంచి, పెంచిన చేత్తోనే చంపుతున్న ఈ మనిషికి మతి చెక్కు చెదిరిందని నూర్ మహమ్మద్ నమ్మకం. అందుకే ఈ ఏడు వద్దనుకున్నాడు.

"పిల్లోన్ని మట్టిలో నిమ్మళంగా పండుకోనీ రంగప్పా. ఎన్నిసార్లు లేపుతావు?"

హనుమంతమ్మ ముందుకొచ్చింది.

"సాయిబన్నా, వానికి ముందు ముగ్గురు. అందరికీ దేవుళ్ళ పేర్లే పెట్టుకున్యాం. ఒక్కరన్నా దక్కలే. వీన్ని పుట్టంగానే తిప్పలో, పెంట మీద పారేసి, చేటెడు తవుడిచ్చి కొనుక్కున్యాం. అందుకే తిప్పడు. కొత్త పంచాంగం చదివేలోగా బుక్కు బయటికి రాకపోతే, వాడు మాకు దక్కడన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా."

రక్తాక్షి పోయి క్రోధన రాబోతోంది. పేర్లు వింటేనే వాన పారిపోయే ఏళ్ళు. పాపం, జ్ఞాపకమైనా దక్కాలని ఏడుస్తోంది ఈ తల్లి, అనుకున్నాడు నూర్ మహమ్మద్. రమీజా పేరు ఎక్కడా అచ్చు కాలేదని అప్పుడే తోచింది అతనికి.

"లెయ్యమ్మా, లెయ్. ఏస్తాలే" అన్నాడు.

పొద్దు వాలేదాకా మిషను తొక్కాడు. తిప్పడు శెనక్కాయల కుప్ప కింద చచ్చాడు. గూడ్సుబండికి ఎదురుపోయి చచ్చాడు. చివరి పేజీలో మాత్రం చావలేదు.

యముడొచ్చి తలుపు తట్టినప్పుడు –
'వాడు పోయె' అన్నాడు తిప్పడు!

నూర్ మహమ్మద్ పకపకా నవ్వాడు. హనుమంతమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

శ్రీరంగప్ప నవ్వలేదు. మొదటి పుస్తకం రెండు చేతులా అందుకుని, వాకిలి వైపు ఎత్తిపట్టి, సందు మారుమోగేటట్టు అరిచాడు.

"పోయినాడు! మా తిప్పడు ఈ ఏడు గూడా పోయినాడు!"

నూర్ మహమ్మద్ మెడ వెనక మళ్ళీ ఎవరో చల్లగా ఊదారు.

అరుగు మీది గోనెపట్టా కదిలి, అందులోంచి ముక్కున రాగితీగతో ఒక పిల్లవాడు తల బయటపెట్టి, గుసగుసగా అడిగాడు: "నాయనా, ఇంగ ఏడాది దంకా నేను బతకచ్చునా?"