మేక చెవి

"చేత్తో ముట్టకు. పొట్లం పొట్లమే బల్ల మీద పెట్టు" అన్నడు పశువుల డాక్టర్ అజయ్‌కుమార్.

ఈరయ్య టేకాకు పొట్లం పెట్టి దూరం జరిగిండు. డాక్టర్ చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని ఆకు విప్పిండు. లోపల మేక చెవి.

"ఎప్పుడు సచ్చింది?"

"తెల్లారగట్ల సార్."

"దీన్ని గుడ కోసుకొని తిన్నరా?"

"లేదు సార్. మీరు చెప్పినట్లే చెవొక్కటి తెచ్చిన. బొంద తీసి పూడ్చినం."

"మొన్నటిదానప్పుడు ఈ తెలివి ఎటు పోయింది?"

ఈరయ్య తల దించుకున్నడు. మొన్న మేక గిలగిల కొట్టుకుంటుంటే, పానం పోకముందే కోసి వాడకట్టంత పంచుకున్నరు. ఎవరైనా అదే చేస్తరు. ముక్కలు కొట్టింది ఆయన భార్య సత్తవ్వ. ఇప్పుడు ఆమె చేతి మీద పుండు లేచి, నడుమ బొగ్గు తీరుగ నల్లబడ్డది. మోచెయ్యి దాక వాచింది. దవాఖానోళ్లు గోళీలిచ్చి పంపిన్రు. "మనుషులకు గుడ అంటే దొమ్మరోగం, అదే ఆంత్రాక్స్, మేకలకు ఉందని పశువుల డాక్టర్‌తోని చెప్పియ్యి, అంబులెన్స్‌ల గడ్చిరోలి పెద్ద దవాఖానకు తోలుతం" అన్నరు. ఈ డాక్టర్ దగ్గరికొస్తే ఈయన, "తిన్న మేకను నేనేం చూడను? ఇంకోటి సస్తే చెవి కోసుకొని రా, రక్తం చూసి చెప్త" అన్నడు.

అందుకే ఈరయ్య గోడకు ఆనుకొని, మేకల మంద ఉన్న మనిషి ఎవడూ మొక్కని మొక్కు మొక్కుతున్నడు. రోగం ఉండాలె. దొమ్మరోగమే కావాలె.

డాక్టర్ పక్కగదిలకు కేకేసిండు. "రండ్రి. రోజూ ఆరోగ్యమున్న గొర్రెల రక్తమేనా అంటిరి గద. ఇయ్యాల అసలుది వచ్చింది."

ట్రైనింగ్‌కు వచ్చిన ఇద్దరు ఉరికొచ్చిన్రు. సునీల్ ముందు పడ్డడు. చెవి నరం పిండి, స్లైడ్ అంచున చుక్క వేసి, ఇంకో స్లైడ్‌తో దాన్ని ముందుకు నూకిండు.

"ఇది రక్తం పూతనా, గోడకు పేడ అలుకుడా?" అన్నడు డాక్టర్. "ఇంత మందంగుంటే లోపల ఏనుగున్నా కనబడదు. పారెయ్."

మధులత కూసున్నది. ఆగి ఆగి నూకింది. పూత మెట్లు మెట్లుగ వచ్చింది.

"బస్సు గతుకుల మీద పోయినట్లుంది. మళ్ల చెయ్యి."

ఈరయ్యకు పానం ఆగలేదు. చెవి ఎంత, అందుల రక్తం ఎంత. వీళ్ల చదువుకే అయిపోయేటట్లుంది.

"సార్, జర మీరే చెయ్యరాదుండ్రి. ఇంటికాడ ఆమెకు మంచిగ లేదు."

"నేనే చేస్తే వీళ్లెప్పుడు నేర్సుకుంటరు? రేపు నీ ఊరికొచ్చేది వీళ్లే. కూసో."

కూసున్నడు. కూసోమన్నకాడ కూసునుడు తప్ప ఈరయ్య లాంటోనికి ఏ ఆఫీసుల ఏం పని ఉంటది.

"సార్, రక్తం ఇంక గడ్డ కట్టలె" అన్నది మధులత చెవి పిండుకుంట.

డాక్టర్ మొఖంల నవ్వు పోయింది. "దొమ్మల అట్లనే ఉంటది. జాగ్రత్త."

ఈరయ్యకు బయట అంబులెన్స్ మోత ఇప్పుడే వినబడ్డట్లు అనిపించింది.

ఈసారి మధులత స్లైడ్‌ను ఏటవాలుగ ఆనిచ్చి, చుక్క అంచు పొడుగూత పరుచుకునేదాక ఆగి, ఒక్క ఊపుల నూకింది. పూత నాలుక తీరుగ, కొస పలచగ వచ్చింది. "శభాష్" అన్నడు డాక్టర్. గాలికి ఆరబెట్టిన్రు. నీలిరంగు పోసి, కడిగి, మైక్రోస్కోప్ కింద పెట్టిన్రు.

డాక్టర్ శానసేపు చూసిండు. సునీల్ చూసిండు. మధులత చూసింది.

"అగ్గిపుల్లల తీరుగ పురుగులు కనబడాలె" అన్నడు డాక్టర్ లేచి. "ఒక్కటి లేదు. శుద్ధమైన రక్తం. ఈరయ్యా, నీ అదృష్టం మంచిగుంది. నీ మేకలకు దొమ్మరోగం లేదు."

"ఇంకోసారి చూడుండ్రి సార్."

"ముగ్గురం చూస్తిమి గద. రోగం లేదంటే ఏడ్చేటోన్ని నిన్నే చూసిన."

ట్రైనింగోళ్లు నవ్విన్రు.

"మరి ఆమె చెయ్యి సార్?"

"ఏ పురుగో కుట్టి ఉంటది. గోళీలు మింగమను. ఆగు, నువ్వు తిరుగుడెందుకు, దవాఖానకు నేనే చెప్త." డాక్టర్ ఫోన్ తీసిండు. మేకల రక్తం మంచిగుందని, గడ్చిరోలికి అక్కర లేదని మరాఠీల చెప్పి పెట్టేసిండు. "అయిపోయింది. ఇంకేమన్న చెప్పేదుందా?"

ఈరయ్య నోరు తెరిచిండు. సర్కారు డాక్టర్. చదువుకున్నోళ్లు ముగ్గురు. నోరు మూసి, లేదన్నట్లు తల ఊపిండు.

ఇంటికి పొయ్యేసరికి సత్తవ్వ మంచంల ముడుచుకొని ఉంది. ఒళ్లు కాలుతుంది. వాపు జబ్బ మీదికి ఎక్కింది.

"ఏమన్నరు? బండి వస్తదా?"

"రాదు. చెవి చూసిన్రు. రోగం లేదంట."

సత్తవ్వ కండ్లు తెరిచింది. "చెవి ఎక్కడిది? ఇయ్యాల మేకేది సావలేదు గద."

ఈరయ్య ఇంత పసుపు తీసుకొని దొడ్లెకు పోయిండు.

అదే మంద, అదే మేత, అదే మడుగు నీళ్లు, మరి దీని రక్తంల ఎందుకు లేకపాయె అనుకుంట, ఒంటి చెవితోని అరుస్తున్న మేకను ఒడిసి పట్టి, పొద్దున బయలెల్లే ముందు కోసినకాడ పసుపు అద్దిండు.